పిల్లల జోలికి పోని నీటికుక్క

అనగనగా బాగా ఉత్తరాన, చలి ముదిరితే చెట్ల బెరడు పగిలిపోయే చోట, ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక సరస్సు. చలికాలంలో దాని మీద ఎంత గట్టిగా మంచు కట్టేదంటే, దుప్పుల మంద నడిచి అవతలి ఒడ్డుకు పోయేది. ఎండలు రాగానే మంచు కరిగి, అడుగున ఉన్న గులకరాళ్ళు కనబడేంత తేటగా నీళ్ళు ఉండేవి.

ఆ నీళ్ళలో పొద్దుచేపలు ఉండేవి. అరచేయి చాపినట్టు వెడల్పుగా, పల్చగా ఉండే చేపలు. పొట్ట పొద్దున్నే లేచే సూర్యుడి రంగు. వీపు మీద మాత్రం ముళ్ళు.

ఒడ్డున బొరియలో బుడుంగయ్య అనే నీటికుక్క కాపురం. పేరులో కుక్క ఉంది గానీ, అది కుక్క కాదు. పొట్టి కాళ్ళు, బారు తోక, పెద్ద మీసాలు, నూనె రాసినట్టు మెరిసే బొచ్చు. బుడుంగుమని మునిగాడంటే నోట్లో చేప లేకుండా తేలేవాడు కాదు. అతని పెళ్ళాం పేరు నాచమ్మ. బుడుంగయ్యకి చేపల మీద ఎంత ప్రేమో, మంచివాడు అనిపించుకోవడం మీద అంతకంటే ఎక్కువ ప్రేమ. ఈ రెండు ప్రేమలూ ఒకే కడుపులో ఉంటే ఏమవుతుందో చూడండి.

ఎండలు మొదలవగానే మగ పొద్దుచేపలకి ఒక పని పడేది. మోకాటిలోతు నీళ్ళలోకి వచ్చి, తోకతో ఇసుక ఊడ్చి, పళ్ళెంలా గుండ్రటి గూడు చేసేవి. ఆడచేప వచ్చి అందులో గుడ్లు పెట్టి తన దారిన పోయేది. ఇక కాపలా అంతా తండ్రిదే. తిండి లేదు, నిద్ర లేదు. పసివాడికి విసనకర్రతో విసిరినట్టు తోకతో గుడ్లకి నీళ్ళు విసరాలి. గుడ్లు మింగడానికి వచ్చే రొయ్యల్నీ నత్తల్నీ తరమాలి. పిల్లలు ఈత నేర్చి వెళ్ళేదాకా అంతే. మీద కొంగ నీడ పడినా ఆ చేప కదలదు.

ఆ సరస్సులో వేటాడేవాళ్ళకి తాతలనాటి కట్టుబాటు ఒకటి ఉండేది. "తినేవాణ్ణి లేపకు. పాలిచ్చేదాన్ని తరమకు. గూట్లో కూర్చున్న చేపని ముట్టకు." ఎందుకని ఎవరూ అడగలేదు. తాతలు చెప్పారు, మనవలు విన్నారు. అంతే.

ఒక ఏడాది చలి ఎంతకీ వదల్లేదు. మంచు కరిగేసరికి అందరికీ డొక్కలు ఎండిపోయాయి. బుడుంగయ్య ఈడ్చుకుంటూ ఒడ్డుకు వచ్చి నీళ్ళలోకి చూశాడు. చూస్తాడు కదా, పెళ్ళి పంక్తి! వరసగా విస్తళ్ళు పరిచినట్టు గూళ్ళు. ఒక్కో విస్తట్లో వడ్డించినట్టు ఒక్కో చేప. లేచి పారిపోయేది ఒక్కటి లేదు.

వెనకనుంచి నాచమ్మ అంది, "ఏమయ్యా, అలా గుటకలు మింగుతావేం? లోతుకి పోయి తిరిగే చేపని తరిమి పట్టుకురా."

"తరమాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి కదే."

"సత్తువ లేకపోతే కప్పల్ని పట్టు. ఇవి గూట్లో కూర్చున్నవి. కట్టుబాటు ఉంది."

"కట్టుబాటుని ఉడకేసి పిల్లలకి పెడతావా?" అని బుడుంగయ్య నీళ్ళలోకి జారాడు.

అన్నిటికంటే పెద్ద చేప దగ్గరికి పోయాడు. అది భయపడింది, కానీ కదల్లేదు.

"అయ్యా బుడుంగయ్యా, కొన్నాళ్ళు ఆగు," అంది చేప. "పిల్లలు ఈదుకుంటూ పోగానే నేను లోతుకి పోతాను. అక్కడ తరుము. దొరికితే నీ అదృష్టం, తప్పించుకుంటే నా అదృష్టం."

"వెర్రివాడా, ఇక్కడ ఊరికే దొరికేవాణ్ణి అక్కడిదాకా వచ్చి తరమాలా?"

"నా కోసం అడగడం లేదయ్యా. పిల్లల కోసం."

ఆ మాట బుడుంగయ్యకి ఎక్కడో తగిలింది. అతనూ పిల్లలున్నవాడే. గూట్లోకి తొంగి చూశాడు. ఆవగింజలు చల్లినట్టు గుడ్లు.

"అయితే విను," అన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు. నీ గుడ్లలో ఒక్కటి కూడా ముట్టను."

అని చేపని నోట కరిచాడు.

మాట మాత్రం తప్పలేదు. ఒక్క గుడ్డు ముట్టలేదు. ఒడ్డు మీద రాయెక్కి, సరస్సుకి వీపు తిప్పి కూర్చుని, సగం పెళ్ళానికీ పిల్లలకీ పెట్టి, తక్కింది తను తిన్నాడు. ఆ వీపు వెనక రొయ్యలూ నత్తలూ వచ్చి గూడంతా తుడిచిపెట్టేశాయి. బుడుంగయ్య చూడలేదు. చూడకూడదని చూడలేదు.

కడుపు నిండినవాడి నోట ధర్మం ఎంత చక్కగా పలుకుతుందో! సాయంత్రానికల్లా బుడుంగయ్యకి ఒక కొత్త ధర్మం తోచింది. మర్నాడే అందర్నీ పిలిచాడు. కొంగలు వచ్చాయి. లకుముకి పిట్టలు వచ్చాయి. తక్కిన నీటికుక్కలు వచ్చాయి. దుంగ మీద ఎండ కాచుకుంటున్న డిప్పవ్వ అనే ముసలి తాబేలు పిలవకుండానే విన్నది.

బుడుంగయ్య రాయెక్కి మీసాలు దువ్వుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా! పోయిన చలికాలం మనం ఎందుకు మాడాం? చిన్న చేపల్ని తిన్నాం గనుక! పిల్లలండీ అవి! రేపు పెరగాల్సిన పిల్లలు! మనవి కడుపులు కావు, శ్మశానాలు!"

అందరూ అయ్యో అయ్యో అన్నారు. కొంగ ఒకటి కన్నీళ్ళు కూడా పెట్టుకుంది.

"ఇవాళ్టినుంచి మన శాసనం ఇది. చిన్నవాళ్ళ జోలికి పోవద్దు. పెద్దవాళ్ళనే తినాలి. కొలత నా పంజా. చేప నా పంజా కింద దాగిందా, పిల్ల. వదిలెయ్యాలి. పంజా దాటి కనబడిందా, పెద్ద. తినాలి. గూట్లో ఉన్నా సరే, ఎక్కడున్నా సరే. పెద్దవాళ్ళు బతికినన్నాళ్ళు బతికారు. వాళ్ళకేం లోటు?"

డిప్పవ్వ మెడ బయటికి చాపింది.

"నాయనా బుడుంగూ, చిన్న అన్నావు. వయసుకి చిన్నా, ఒడ్డూపొడవుకి చిన్నా?"

"రెండూ ఒకటే కదా అవ్వా!"

"కాదురా అబ్బాయ్. పెద్దదైన చేపకి పెరిగే రక్తం ఉంటుంది. దాని పిల్లలకీ ఆ రక్తమే వస్తుంది. గూట్లోంచి దాన్ని లాక్కుంటే పిల్లలూ పోతాయి, ఆ రక్తమూ పోతుంది. కూర్చున్న చేపని వదులు. ఈదే చేపని ఈది పట్టు. చిన్నదీ పెద్దదీ కలిపి తిను. కష్టమే. కానీ తాతలు వెర్రివాళ్ళు కారు."

బుడుంగయ్య అందరి వైపూ చూసి నవ్వాడు. "చలికాలమంతా బురదలో నిద్రపోయే అవ్వకి మన ఆకలి సంగతి ఏం తెలుసర్రా?"

అందరూ గొల్లున నవ్వారు.

"నిజమే నాయనా, నిద్రపోతాను," అంది డిప్పవ్వ. "నువ్వు మెలకువగా ఉండి చేసేదానికంటే నా నిద్రే మేలు." అని మెడ లోపలికి లాక్కుంది.

ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఎందుకంటే కొక్కిరాయి అనే కొంగ అప్పటికే పొగడ్త మొదలుపెట్టాడు. "ఆహా! ఏం దయ! ఏం ధర్మం! చేపపిల్లల పాలిట దేవుడు!" నాచు తెచ్చి శాలువాలా బుడుంగయ్య భుజాల మీద కప్పాడు. నీళ్ళు కారే ఆ శాలువాతో బుడుంగయ్య పొద్దుగూకేదాకా రాయి దిగలేదు. మర్నాడు జలుబు చేసింది. అయినా సంతోషంగానే తుమ్మాడు.

ఆ ఎండాకాలం ఏం తిన్నారు, ఏం తిన్నారు! తరిమే పని లేదు. మునిగే పని లేదు. వరసగా కూర్చున్న తండ్రుల్ని వరసగా ఏరుకోవడమే. ప్రతి ముద్దకీ ముందు "పిల్లల్ని ముట్టలేదు సుమా" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఎంత పుణ్యం చేస్తున్నామో అనుకుంటూ తింటే రుచి కూడా పెరుగుతుంది కాబోలు.

కొన్నేళ్ళు గడిచాయి.

ఒక ఎండాకాలం నాచమ్మ చేపని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమయ్యా, ఇదివరకు ఒక్క చేప తెస్తే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. ఇప్పుడు నాలుగు తెచ్చినా పిల్లలు పళ్ళెం నాకుతున్నారు. చేపలు చిన్నవవుతున్నాయి."

"చిన్నవవడమేం? పంజా దాటితేనే తెస్తున్నాను. కావాలంటే చూడు," అని బుడుంగయ్య కొలిచి చూపించాడు.

నాచమ్మ చేపని చూడలేదు. పంజాని చూసింది. నీటికుక్క వేళ్ళ మధ్య పల్చటి తోలు ఉంటుంది. వేళ్ళు చాపితే పంజా విసనకర్రంత అవుతుంది. ముడిస్తే గుప్పెడవుతుంది. బుడుంగయ్య వేళ్ళు ముడిచి కొలుస్తున్నాడు.

"చేప పెరగలేదు మామా," అంది నాచమ్మ. "నీ పంజా తగ్గింది."

"నోర్ముయ్యవే! శాసనంలో పంజా అని ఉంది గానీ, చాపిన పంజా అని ఉందా?"

చూశారా! చట్టం రాసినవాడికే దాన్ని ఎలా ముడవాలో బాగా తెలుస్తుంది. నీటికుక్కలందరూ అలాగే ముడిచారు. పంజా లేని కొంగలు ముక్కుతో కొలిచి, అదే పంజా అన్నాయి. శాసనానికి ఎక్కడా భంగం రాలేదు.

ఇంకొన్నేళ్ళు గడిచాయి.

ఆ ఏడు నాచమ్మకి రెండు పిల్లలు పుట్టాయి. ఒకటి దుక్కలా ఉంది. రెండోది బక్కపిల్ల. నాచమ్మకి పాలు చాలడం లేదు. మంచు కరిగిన కొద్ది రోజులకి ఆమె మొగుణ్ణి నిలదీసింది.

"ఎండాకాలం ఎలాగో గడుస్తుంది. కప్పలున్నాయి, రొయ్యలున్నాయి. మంచు కట్టాక కప్పలు బురదలోకి పోతాయి, రొయ్యలు రాళ్ళ కిందికి పోతాయి. మంచు కింద దొరికేది చేప ఒక్కటే. ఈ లోపల వీళ్ళకి ఒంటినిండా కొవ్వు పట్టకపోతే, బక్కది చలికాలం దాటదు. ఏం పెడతావో చెప్పు."

బుడుంగయ్య నీళ్ళలోకి దిగాడు. గూళ్ళు బోలెడున్నాయి. ప్రతి గూట్లోనూ చేప ఉంది. కానీ ఒక్కొక్కటీ రావి ఆకంత లేదు. పంజా వేళ్ళు ఎంత ముడిచినా, చేప దాని కిందే దాగిపోతోంది. ఎంత తిరిగినా అంతే. వాటిని నోట వేసుకుంటే ముళ్ళు తప్ప కండ తగలదు. ఒకటి పట్టడానికి పడిన శ్రమ, అది తింటే తీరదు.

విసుగెత్తి ఒక బుల్లి చేపని గద్దించాడు.

"ఒరేయ్ పిల్లకాయా! మూతి మీద మీసం రాకముందే నీకు కాపురమేమిట్రా? పో, పోయి పెరుగు! నువ్వు పెరిగితే గానీ నా పిల్లలకి తిండి లేదు."

ఆ చేప తోకతో గుడ్లకి విసరడం ఆపకుండానే అంది, "ఎవర్రా పిల్లకాయ? నాకు మనవలున్నారు. తాతా అని పిలు."

బుడుంగయ్య నోరు తెరిచాడు. "తాతవా? మరి ఇంతే ఉన్నావేం?"

"ఇంతే ఉన్నాను గనుక ఉన్నాను. మాలో పెరిగినవాళ్ళు ఏమయ్యారో నీ కడుపుని అడుగు. పెరగనివాళ్ళం మిగిలాం. మాకు మాలాంటి పిల్లలే పుట్టారు. వాళ్ళకి వాళ్ళలాంటి పిల్లలే. పెద్దవాడైతే చస్తాడని మాకు నేర్పింది నీ ధర్మమే కదా నాయనా. నీ దయవల్ల మా వంశంలో అందరం ఎప్పటికీ పిల్లలమే. తీసెయ్ పంజా, గుడ్లకి గాలి ఆడటం లేదు."

బుడుంగయ్య పంజా తీశాడు. తాత అనే మాట నోట రాలేదు గానీ, తల దానంతటదే వంగింది.

దుంగ దగ్గరికి పోయాడు. డిప్పవ్వ కళ్ళు మూసుకునే ఉంది.

"అవ్వా," అన్నాడు. "బక్కపిల్ల చలికాలం దాటదంటోంది నాచమ్మ."

"విన్నాను."

"పెద్ద చేప ఒక్కటీ మిగల్లేదా?"

డిప్పవ్వ ఒక కన్ను తెరిచింది. "తింటావా?"

"తినను."

"ఆ మాట నీ కడుపు అంటోందా, నువ్వా?"

"నేనే అవ్వా. ఒక్కటి మిగిలినా, దాని పిల్లలు పెరుగుతాయి కదా. ఈ చలికాలానికి కాకపోయినా, ముందుముందు..."

డిప్పవ్వ మెడ బయటికి చాపింది. "తూర్పు మూల జమ్ముగడ్డిలో ఒకడున్నాడు. పాతకాలపు మనిషి. గూట్లో పిల్లలు ఇప్పుడిప్పుడే గుడ్లు పగిలి కదులుతున్నాయి. ఇంకొన్నాళ్ళు కాపాడు. నీకు చేతనైతే."

బుడుంగయ్య సరస్సు ఈ చివరినుంచి ఆ చివరికి ఈదాడు. జమ్ము పక్కకి తోసి చూశాడు. నిజమే! చాపిన పంజా దాటి అన్ని వైపులా కనబడే చేప. పొట్ట పొద్దులా వెలుగుతోంది. కింద ఇసుకలో కంటి నలుసుల్లాంటి పిల్లలు, వేలకొద్దీ.

బుడుంగయ్య నోట్లో నీళ్ళూరాయి. అబద్ధం ఎందుకు, ఊరాయి. మింగేశాడు.

"భయపడకు," అన్నాడు. "నీకు కాపలా కాయడానికి వచ్చాను."

చేప వినయంగా అంది, "చిత్తం. తమరు వచ్చాక నాకు ఇంకెవరి భయం ఉంటుంది?"

అది వెటకారమని బుడుంగయ్యకి తెలిసింది. పడ్డాడు. ఆ రోజునుంచి జమ్ము దగ్గరే ఉన్నాడు. నత్తల్ని ఏరి ఒడ్డు మీద పారేశాడు. రొయ్యల్ని తిని కడుపు నింపుకున్నాడు. చేప మెల్లగా అలవాటుపడింది. ఒకనాడు, "కాస్త అటు జరుగు, నీ నీడకి పిల్లలకి ఎండ తగలడం లేదు," అని కసిరింది కూడా. ఆ కసురు బుడుంగయ్యకి కొక్కిరాయి పొగడ్తల కంటే తియ్యగా తోచింది.

పిల్లలు ఇంకో రోజో రెండు రోజులో అయితే ఈత కొడతాయనగా, కొక్కిరాయి వచ్చి జమ్ములో వాలాడు.

"నమస్కారం ప్రభూ! తమరు ఇక్కడున్నారా!" అని మెడ వంచి నీళ్ళలోకి చూశాడు. "ఓహో. భోజనం దగ్గరా."

"కొక్కిరాయీ, వీణ్ణి ముట్టకు."

"అదేమిటండీ? ఎవరైనా పిల్లవాడా?"

"కాదు."

"పంజా దాటి కనబడుతున్నాడే!"

"కనబడుతున్నాడు. అయినా వద్దు. వీడు పోతే ఈ సరస్సులో పెరిగే చేప ఉండదు. నా పిల్లల కోసం అడుగుతున్నాను."

కొక్కిరాయి ఒంటికాలి మీద నిలబడి నొచ్చుకున్నాడు. "ప్రభూ, ఏమిటీ మాట! తమ పిల్లల కోసం తమరే శాసనం మీరతారా? నలుగురూ వింటే ఏమనుకుంటారు? తమరికి మచ్చ రానిస్తానా నేను?"

బుడుంగయ్య మీదికి దూకేలోపే ఆ ముక్కు దిగింది. పొద్దు రంగు ఒక్కసారి గాలిలో మెరిసి, పొడుగాటి గొంతులోంచి కిందికి జారింది.

"ధర్మో రక్షతి," అని ముక్కు తుడుచుకుని కొక్కిరాయి ఎగిరిపోయాడు. రెక్కలున్నవాడు. ఈ సరస్సు కాకపోతే ఇంకో సరస్సు. చలి వస్తే దక్షిణం.

గూడు చుట్టూ రొయ్యలు చేరాయి. బుడుంగయ్య వాటిని తరిమి, గూడు మీద తనే నిలబడ్డాడు. పిల్లలకి నీళ్ళు విసరాలి కదా. చేప ఎలా విసిరేదో గుర్తు చేసుకుని, తోక ఊపాడు. నీటికుక్క తోక విసనకర్ర కాదర్రా, అది రోకలి. ఒక్క ఊపుకి అడుగున ఉన్న బురదంతా లేచింది. నీళ్ళు తేరుకునేదాకా కదలకుండా నిలబడ్డాడు. తేరుకున్నాక చూస్తే, గూడు లేదు. బురద ఉంది.

ఆకులు రాలే కాలానికి నాచమ్మ ఇంకేమీ అడగలేదు. "పద," అంది. మంచు కట్టకముందే కొండ దాటి అవతలి సరస్సుకి చేరాలి. దుక్కలాంటిది తల్లి వెనక నడిచింది. బక్కది కొంత దూరం నడిచి, కూలబడింది. బుడుంగయ్య దాన్ని మెడ దగ్గర పట్టి నోట కరుచుకున్నాడు. నోట్లో పిల్ల ఉంది గనుక, దారిలో ఎదురైనవాళ్ళు "ధర్మప్రభువులు ఎక్కడికి?" అని పలకరిస్తే జవాబు చెప్పలేకపోయాడు. పోనీ ఆ ఒక్క రోజైనా ఆయన నోరు మంచి పనికి వచ్చింది.

మొదటి మంచు రాలేవేళకి అవతలి సరస్సు ఒడ్డుకి చేరారు. అక్కడి నీటికుక్కలు వాళ్ళని ఎగాదిగా చూసి, అందరికంటే చివర, గాలి కొట్టే చోట, ఒక బొరియ చూపించాయి. పరాయి చోట చివరి బొరియే దొరుకుతుంది. బక్కది బతికింది. బతికింది గానీ, ఆ చలికాలం దాని తల్లి పస్తులున్న రోజులు ఎవరూ చూడలేదు.

ఇక పాత సరస్సు సంగతంటారా? అక్కడ మిగిలినవాళ్ళు ఎండాకాలం కప్పల్ని తిని, చలికాలం పస్తులుండి బతుకుతున్నారు. బుడుంగయ్య శాసనం ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఏటేటా రాయి చుట్టూ చేరి దాన్ని చదువుకుంటారు. చిన్న చేపల్ని ఎంత దయగా చూస్తున్నామో చెప్పుకుని మురిసిపోతారు. ఆ శాసనాన్ని మీరినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడట. పాపం, శాసనం ప్రకారం తినడానికి మాత్రం ఒక్క పెద్ద చేపా లేదు!

నీతి: తన ఆకలికి సులువైనదాన్ని ధర్మమని పిలిచేవాడు, ఆ ధర్మంతోనే తన పిల్లల నోటి దగ్గరి కూడు తీసేస్తాడు.